రోడ్డు సైకిల్ బిగింపు: పనులు స్నేహితులకు పంచాలా, పానా ఒక్కరి చేతిలోనే ఉండాలా?

గొలుసుగోల:
ఫ్రేమ్, ఫోర్క్, చక్రాలు, గేర్ల సెట్ విడివిడిగా కొని, ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని పిలిచి బిగించుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్న. ఒకరికి హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), ఒకరికి క్రాంకు (పెడల్ తగిలే చేయి), ఒకరికి కేబుళ్లు అని పంచెయ్యొచ్చా? లేక ఒకరే బిగిస్తూ, మిగతావాళ్లు పట్టుకోవడం, అందించడం వరకే ఉండాలా? ఊరికే గాల్లో వాదించుకోకుండా ఒకే సైకిల్ అనుకుందాం: అల్యూమినియం ఫ్రేమ్, 68 మి.మీ. ఇంగ్లిష్ మర బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే బేరింగులు), కార్బన్ స్టీరర్ (ఫోర్క్ పైగొట్టం) ఉన్న ఫోర్క్, 11 స్పీడ్ షిమానో సెట్, రిమ్ బ్రేకులు. నా ఓటు పంపకానికే. ఒకడు వంగి పని చేస్తుంటే ముగ్గురు చూస్తూ నిలబడటం దేనికి?

ఎడమమర:
ముగ్గురు చూస్తూ నిలబడితే సైకిల్‌కి ఏమీ కాదండీ. పంచితేనే తంటా. ఈ పనులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. హ్యాండిల్ ఎత్తు తేలనిదే స్టీరర్ కొయ్యలేం. స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి పట్టించే ముక్క) ఎక్కడ కూర్చుంటుందో తెలియనిదే కేబుల్ హౌసింగ్ (పైతొడుగు) పొడవు తేలదు. ఈ సంగతి పట్టించుకోకుండా కేబుళ్లాయన తన పని ముందే ముగించేస్తే, తర్వాత స్టెమ్ కింద ఒక స్పేసర్ (ఎత్తు సర్దే రింగు) పెరిగినా హౌసింగ్ చాలదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు లాగేసి గేరు దానంతటదే మారుతుంది.

చైనూ అంతే. పెద్ద చైన్‌రింగ్ (ముందు పళ్ల చక్రం), పెద్ద కాగ్ (వెనక పళ్ల చక్రం) మీదుగా, డిరైలర్ (చైనుని గేరు నుంచి గేరుకి జరిపేది) లోంచి పోనివ్వకుండా చుట్టి, కలిసే చోటు నుంచి లోపలిదొకటి, బయటిదొకటి రెండు లింకులు ఎక్కువ ఉంచి తెంపుతాం. 11-28 క్యాసెట్ (11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న వెనక కాగ్‌ల గుత్తి) మీద కొలిచి తెంపాక, చక్రాలు చూసుకుంటున్న ఆయన "కొండలెక్కాలిగా" అని 11-32 ఎక్కిస్తే ఆ చైను పొట్టిదవుతుంది. పెద్దదాని మీంచి పెద్దదానికి వేసిన రోజు డిరైలర్, దాన్ని ఫ్రేమ్‌కి తగిలించే హ్యాంగర్ రెండూ విరగొచ్చు.

పుల్లలపని:
మీరు చెప్పిన రెండూ పంపకం తప్పులు కావు, మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చేవి. చక్రాల పని ఫ్రేమ్‌తో సంబంధం లేకుండా సాగుతుంది: రిమ్ టేపు, ట్యూబు, టైరు, క్యాసెట్. ఏ క్యాసెట్టో ముందే రాసిపెట్టుకుంటే చాలు. క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ 40 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు బలం కొలత). ఒక్క జాగ్రత్త: 11 స్పీడ్ ఫ్రీహబ్‌తో (క్యాసెట్ ఎక్కే హబ్ భాగం) 1.85 మి.మీ. స్పేసర్ ఒకటి వస్తుంటుంది. అది 8, 9, 10 స్పీడ్ రోడ్డు క్యాసెట్ల కోసం. 11 స్పీడ్ క్యాసెట్ వెనక పెడితే లాక్‌రింగ్ మర సరిగా అందదు. అది లేకుండా 10 స్పీడ్‌ది ఎక్కిస్తే కాగ్‌లు గలగలలాడతాయి.

ఎడమమర:
చక్రాలు ఒప్పుకున్నా. మరి బాటమ్ బ్రాకెట్? ఇంగ్లిష్ మరలో కుడి కప్పు (బేరింగు ఉండే గిన్నె) ఎడమ మర, అంటే గడియారం ముల్లుకు ఎదురు తిప్పితేనే బిగుస్తుంది. ఇటాలియన్ ఫ్రేములకు అలవాటుపడ్డ చేయి (వాటికి రెండు వైపులా మామూలు మరే) అలవాటు ప్రకారం తిప్పి, పట్టకపోతే పానాతో బలవంతం చేస్తుంది. అల్యూమినియం మర ఒకసారి చెడితే ఫ్రేమ్ పోయినట్టే. గ్రీజు రాశాక కప్పు వేళ్లతోనే నాలుగైదు చుట్లు వెళ్లాలి. వెళ్లకపోతే మరలో పెయింటు ఉంది, ట్యాప్ (మర సరిచేసే పనిముట్టు) వేయించాలి.

గ్రీజుచేతులు:
అసలు ప్రమాదం సగం బిగింపు అన్నా. ఎవరు ఎంతవరకు బిగించారో ఎవరికీ తెలియని స్థితి. ఎడమ క్రాంకు చూడండి. ముందు ప్లాస్టిక్ టోపీ, 0.7 నుంచి 1.5 ఎన్ఎం, వేళ్లతో తిప్పినంతే. దాన్ని బలంగా బిగిస్తే బేరింగులు త్వరగా పోతాయి. తర్వాత రెండు బోల్టుల మధ్య ఉన్న చిన్న ప్లేటు కిందికి నొక్కి, బోల్టుల్ని మార్చి మార్చి 12-14 ఎన్ఎంకి తేవాలి. మొదటాయన టోపీ పెట్టి టీకి వెళ్తే, రెండో ఆయన టోపీ ఉంది కదా, అయిపోయిందనుకుంటాడు. ఆ క్రాంకు రోడ్డు మీద ఊడుతుంది.

నా పద్ధతి: పూర్తి టార్క్‌కి (చెప్పిన బిగింపు బలానికి) తెచ్చిన బోల్టు మీద మాత్రమే పెయింట్ మార్కర్‌తో గీత. గీత లేకపోతే బిగించనట్టే లెక్క. ఎవరు చేసినా సరే.

గొలుసుగోల:
అదే కావాలి. పైగా కొన్ని పనులకు రెండో మనిషి నిజంగా అవసరం. స్టీరర్ కొలత ఇద్దరూ విడివిడిగా తీసి, రెండూ కలిస్తేనే కోయాలి. స్టెమ్ పైన 5 మి.మీ. స్పేసర్ ఉంచి, ఆ స్పేసర్ పై అంచుకి 3 మి.మీ. కిందికి కోత. సన్న పళ్ల బ్లేడు, గైడు, మాస్కు. దుమ్ము లేవకుండా తడుపుతూ కోయండి.

ఎడమమర:
కోతకు ఇద్దరు సరే. ఆ తర్వాత వరస మాత్రం ఒకరిదే. కార్బన్ స్టీరర్‌లో స్టార్ నట్ (లోపలికి కొట్టే నక్షత్రం ఆకారపు నట్టు) కొట్టకూడదు, ఎక్స్‌పాండర్ (లోపల విచ్చుకుని పట్టే ప్లగ్గు) పెట్టాలి, అదీ స్టెమ్ పట్టే చోటికి లోపల ఉండేలా. స్టీరర్ పై టోపీ పని హెడ్‌సెట్ ఆట (వదులు) తీయడమే, హ్యాండిల్‌ని పట్టి ఉంచేది స్టెమ్ పక్క బోల్టులు. అవి వదులుగా ఉన్నప్పుడే టోపీ తిప్పాలి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమనకూడదు. తర్వాత పక్క బోల్టులు, స్టెమ్ మీదా ఫోర్క్ కాగితంలోనూ ఉన్న అంకెల్లో తక్కువదానికి.

గీతల పద్ధతి బాగుంది గాని, లోపల ఎక్స్‌పాండర్ ఎంత లోతున ఉందో, మరకు గ్రీజు రాశారో లేదో గీత చెప్పదు. బిగించినాయనకే తెలుస్తుంది.

గ్రీజుచేతులు:
హౌసింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. పంచినప్పుడు తారుమారయ్యేది అదే. గేర్లది 4 మి.మీ., లోపల నిలువు తీగలు. బ్రేకుది 5, చుట్టలు చుట్టిన తీగ. గేర్ల హౌసింగ్ బ్రేకుకి వేస్తే గట్టిగా పట్టినప్పుడు చీలిపోగలదు. లోపలి తీగలు కూడా వేరు, గేరుకి 1.2, బ్రేకుకి 1.6 మి.మీ. రెండు హౌసింగుల్ని రెండు డబ్బాల్లో వేరుగా పెట్టండి.

పుల్లలపని:
సరే, స్టీరర్, ఎక్స్‌పాండర్, ఎడమ క్రాంకు ఒకరికే వదిలేస్తా. కేబుళ్ల మీద మాత్రం తగ్గను. వెనక గేర్లు సరిచేసేటప్పుడు ఒకరు పెడల్ తిప్పుతూ షిఫ్టర్ (గేరు మీట) నొక్కాలి, ఒకరు వెనక వంగి పుల్లీ (డిరైలర్‌లోని చిన్న చక్రం) కాగ్ కిందికి సూటిగా వస్తోందో లేదో చూస్తూ బ్యారెల్ (కేబుల్ బిగువు సర్దే మర) తిప్పాలి. ముందు డిరైలర్ పంజరం బయటి రేకుకీ పెద్ద చైన్‌రింగ్ పళ్లకీ 1 నుంచి 3 మి.మీ. సందు ఉంచేటప్పుడూ అంతే. మీ ఏకపాత్రాభినయం అక్కడ కుదరదు మాస్టారూ.

ఎడమమర:
సైకిల్‌ని పైకెత్తి పట్టే స్టాండు ఉంటే కుదురుతుంది. లేకపోతే మీరన్నదే.