లోపల గదుల్లా ఖాళీలున్న పదార్థంలో చిన్న ముక్క దృఢమా, పెద్ద ముక్క దృఢమా?

తేనెపట్టు:
నా రెండు పరీక్షలూ ఒకదానినొకటి కాదంటున్నాయి. ఒకే ప్లాస్టిక్, ఒకే తీరు రంధ్రాలు, ఒకే సాంద్రత. త్రీడీ ప్రింటర్‌లో ముద్రించిన పట్టీలను వంచి చూస్తే, సన్నని పట్టీ లెక్క చెప్పినదానికన్నా తక్కువ వంగింది. అంటే దాని దృఢత్వం ఎక్కువ. అదే పదార్థంతో చేసిన ఘనాలను నొక్కి చూస్తే, చిన్న ఘనం పెద్దదానికన్నా మెత్తగా తేలింది. రెంటిలో ఏ పరీక్ష తప్పు?

పురికొస:
ఘనం పరీక్షే తప్పు. యంగ్ గుణకం, అంటే సాగదీతకూ నొక్కుడుకూ పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె, పదార్థపు సొత్తు, ముక్క పరిమాణంతో దానికి పని లేదు అని మనం చదువుకున్నాం. ఖాళీలు లేనప్పుడు, లేదా ముక్క ముందు అవి ఇసుమంతగా ఉన్నప్పుడు ఆ మాట చెల్లుతుంది. గదులున్నచోట ప్రతి గోడా ఒక చిన్న దూలం. ముక్కను వంచినా మెలితిప్పినా గోడలు జరగడమే కాదు, ఉన్నచోటనే తిరుగుతాయి, ఆ తిరుగుడుకు ఎదురు తంతాయి. మామూలు స్థితిస్థాపక సిద్ధాంతంలో బిందువుకు జరగడం ఒక్కటే తెలుసు. కోసెరా సోదరులు యూజీన్, ఫ్రాన్స్వా 1909లో దానికి తిరగడం కూడా నేర్పారు. గుండ్రని కడ్డీ వ్యాసాన్ని సగం చేస్తే మెలి దృఢత్వం పదహారో వంతుకు పడిపోవాలి. ఇలా బిందువులు తిరిగే కోసెరా పదార్థంలో అంతగా పడదు. పరిశోధకుడు రోడరిక్ లేక్స్ 1980ల నుంచి ఎముకలోనూ నురగల్లోనూ కొలిచి చూపినది ఇదే. చిన్నదే దృఢం.

రంపపుపొట్టు:
పురికొస గారూ, మీరు ఎప్పుడైనా నురగను కోశారా? గట్టి నురగ దిమ్మను రంపంతో కోసి, ఆ ముఖాన్ని భూతద్దంతో చూడండి. ఒక్క గది కూడా నిండుగా ఉండదు. గోడలు సగంలో తెగి, అవతలి కొసకు పట్టు లేక నిలబడి ఉంటాయి. బొటనవేలితో రాస్తే పొట్టులా రాలతాయి. బరువు మోయడంలో వాటి పాత్ర సున్నా అనుకోండి. మందం కొలిచేటప్పుడు మాత్రం అవీ లెక్కలోకి వస్తాయి!

ఎంత నష్టమో చూద్దాం. ఘనం ప్రతి పక్కనా గదిలో పావు వంతు చచ్చిన పొర అనుకుందాం. పక్కకు 4 గదులున్న ఘనంలో బరువు మోసే వైశాల్యం 77 శాతమే. 10 గదులుంటే 90 శాతం. 2001లో ఆండ్రూస్, గిబ్సన్ బృందం అల్యూమినియం నురగల మీద చేసిన పరీక్షల్లోనూ ఇదే పోకడ కనిపించింది: నమూనాలో గదుల సంఖ్య పెరిగేకొద్దీ యంగ్ గుణకం పెరిగి, ఒక స్థాయికి చేరాక నిలకడ పడింది. లోహపు నురగలను నొక్కే పరీక్షకు ఐఎస్ఓ 13314 అనే అంతర్జాతీయ ప్రమాణం నమూనా ప్రతి కొలతా సగటు రంధ్రానికి కనీసం 10 రెట్లు ఉండాలనడం ఊరికే కాదు. చిన్నది మెత్తన. తేనెపట్టు గారి ఘనం నిజమే చెప్పింది.

పురికొస:
అది కోత చేసిన గాయం, పదార్థపు గుణం కాదు. ఆండర్సన్, లేక్స్ 1994లో మూసిన గదుల నురగలో గోడల తిరుగుడునీ కోత గాయాన్నీ వేరువేరుగానే లెక్కించారు. గాయాన్ని చూపించి శరీరమే అలాంటిదంటే ఎలా?

మూడోపొర:
మీ ఇద్దరి మాటకూ కాగితం మీదే పరీక్ష పెట్టవచ్చు. రంపమూ వద్దు, కోసెరా సోదరులూ వద్దు.

ఒక పట్టీ మందంలో సగం గట్టి పదార్థం, సగం బాగా మెత్తనిది, పొరలు పొరలుగా ఉన్నాయనుకోండి. సాగదీస్తే ఏ పొర ఎక్కడున్నా ఒకటే, దృఢత్వం దాదాపు సగం. ఇప్పుడు వంచండి. ఒకే గడి (మళ్లీ మళ్లీ వచ్చే పొరల అమరిక) ఉండి, గట్టి పొరలు పైనా కిందా, మెత్తనిది నడుమ ఉంటే దృఢత్వం సగటు పదార్థపు లెక్కకు 1.75 రెట్లు. అదే గట్టి పొర నడుమకు, మెత్తనివి అంచులకు పోతే 0.25 రెట్లు. అవే పదార్థాలు, అదే బరువు, ఏడు రెట్ల తేడా! మందంలో గడుల సంఖ్య n అయితే మొదటిదానికి 1 + 0.75/n², రెండోదానికి 1 − 0.75/n². రెండు గడులకు 1.19, 0.81. పది గడులకు సగటు లెక్కతో ఏదానికీ తేడా ఒక శాతం కూడా లేదు.

అంటే 'చిన్నదే దృఢం' అన్నదీ 'చిన్నది మెత్తన' అన్నదీ ఒకే పదార్థంలో దొరుకుతాయి. వంపులో బరువంతా అంచులదే. ఆ అంచుకు గోడ వచ్చిందా, ఖాళీ వచ్చిందా అన్నదే ప్రశ్న. తేనెపట్టు గారూ, మీ పట్టీ అంచు ఎలా ఉంది?

పురికొస:
మెత్తని పొర మరీ మెత్తనైతే పొరలు ఒకదానిపై ఒకటి జారిపోతాయి, మీ లెక్క కూలిపోతుంది.

మూడోపొర:
పొట్టి పట్టీలో కూలుతుంది, ఒప్పుకుంటాను. మందంతో పోలిస్తే పట్టీ తగినంత పొడవుంటే జారుడు వాటా పోనుపోను తగ్గిపోతుంది.

తేనెపట్టు:
ముందే చెప్పాల్సింది. పట్టీలను కొలతకు తగ్గట్టే ముద్రించాను. మందంలో రెండు వరసల రంధ్రాలు, పైనా కిందా నున్నని మూసిన ముఖం. ఘనాలు మాత్రం పెద్ద దిమ్మలోంచి కోసినవి.

రంపపుపొట్టు:
అదుగో! ఇంత దాకా మనం రెండు వేరు వేరు వస్తువుల గురించి పోట్లాడుకున్నాం.

మూడోపొర:
పదార్థం మార్చకుండా, కోయకుండా తేల్చవచ్చు. రంధ్రాల తీరును సగం గడి కిందికి జరిపి మళ్లీ ముద్రించండి. నడుమ ఒక నిండు వరస, రెండు అంచులకూ తెరుచుకున్న అరరంధ్రాలు వస్తాయి. నా పొరల లెక్క ప్రకారం వంపు ఒకటిన్నర రెట్లకు దగ్గరగా పెరగాలి.

తేనెపట్టు:
ముద్రించాను. అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి. తూకంలో రెండు పట్టీలూ సమానం. పాతది 2 మిల్లీమీటర్లు వంగిన బరువుకే కొత్తది దాదాపు 3 వంగింది.

పురికొస:
అయితే గోడలు తిరగడానికి ఎదురు తన్నడం అబద్ధమా? కాదు. రెండు ప్రభావాలూ కలిసే ఉంటాయి. అయినా అంచు జరిపితే ప్లస్ కాస్తా మైనస్‌గా మారిపోయేదాన్ని పదార్థపు స్థిరాంకం అని పట్టికలో రాయడానికి ఇప్పుడు నా చెయ్యి రావడం లేదు.

రంపపుపొట్టు:
ఒక్క సందేహం, తేనెపట్టు గారూ. కొత్త పట్టీ మందాన్ని కొలిచినప్పుడు క్యాలిపర్ దవడలు పళ్ల కొసల మీద ఆనాయా, పళ్ల మొదళ్ల మీదా?