సూపర్‌వైజర్ల ట్రైనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కొత్త సూపర్‌వైజర్లకు ట్రైనింగ్ పెట్టమన్నారు. పోయినసారి వచ్చినాయన మోటివేషన్ తప్ప ఇంకేం చెప్పలేదు. మనిషి, గుంపు, మొత్తం కంపెనీ, ఈ మూడు స్థాయిల్లో ప్రవర్తన ఎలా ఉంటుందో బుర్రకెక్కేలా చెప్పేదెలాగండీ?

జవాబు 1: హాథార్న్ కేసు చెప్పండి. షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ ఫ్యాక్టరీలో 1931-32లో వైరింగ్ గదిలో 14 మందిని గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బులొచ్చే పద్ధతే, అయినా రోజుకు ఇంతే అని వాళ్లలో వాళ్లే గీత గీసుకున్నారు, దాటినవాడికి చేతి మీద ఒక గుద్దు! ఒక్కో మనిషినీ విడిగా చూస్తే బద్ధకమే అనిపిస్తుంది, గుంపుగా చూస్తే అది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

జవాబు 2: పైస్థాయిని, అంటే మొత్తం కంపెనీని, వదిలేయకండి సార్. అవి ఆర్థిక మాంద్యం రోజులు, ఎక్కువ చేస్తే కంపెనీ పనికిచ్చే రేటు తగ్గిస్తుందనో ఉద్యోగాలు పోతాయనో భయం. దానికి వర్కర్‌ని తిట్టి ఏం లాభం?

ప్రశ్న అడిగినవారు: మా నైట్ షిఫ్ట్‌దీ అచ్చం ఇదే కథ. టార్గెట్లు వేసే మేనేజర్లనూ కూర్చోబెడతా, వస్తే.