4(ఎ + బి) − 6 లో పదాలు రెండా, మూడా?

కావలి ట్యూషన్:
ఏడో తరగతి పిలకాయలకు బీజీయ సమాసాలు చెప్తున్నా. 3ఎబి − 5ఎ + 8 ఇస్తే 3ఎ ఒకటి, బి ఒకటి అని విడగొట్టి నాలుగు పదాలంటున్నారు. 4(ఎ + బి) − 6 దగ్గరైతే సగం మంది రెండంటారు, సగం మంది మూడంటారు. ఎట్ట చెప్తే తేలుద్ది?

ఒంగోలు లెక్కలు:
పదాలను విడగొట్టేది బ్రాకెట్ బయటున్న ప్లస్, మైనస్‌లే. గుణకారం, భాగహారం విడగొట్టవు. 3ఎబి అంటే 3 × ఎ × బి, అంతా కలిపి ఒకే పదం. ప్రతి గుర్తుకు ముందర పెన్సిల్‌తో నిలువు గీత పెట్టించండి: 3ఎబి | − 5ఎ | + 8. గీత గుర్తుకు ముందరే పడాలి. అప్పుడు రెండో పదం −5ఎ, గుణకం −5 అని కనపడుద్ది. వెనక పెడితే 5ఎ అని రాసేసి, సజాతి పదాలు (అవే అక్షరాలు, అవే ఘాతాలు ఉన్నవి) కలిపేటప్పుడు మైనస్ పోగొట్టుకుంటారు.

గుర్తులు లెక్కబెట్టి ఒకటి కలిపే కిటుకు మాత్రం నేర్పబాకండి. −7ఎ + 2లో గుర్తులు రెండు, పదాలూ రెండే. 2ఎ × (−3బి)లో మైనస్ ఉన్నా పదం ఒక్కటే.

పొదలకూరు మాస్టారు:
నిమ్మకాయల చీటీ చూపించండి సార్. పెద్దకాయ 3 బస్తాలు, బస్తా ఎ రూపాయలు. చిన్నకాయ 2 బస్తాలు, బస్తా బి రూపాయలు. కూలి కోత 200. రైతుకొచ్చేది 3ఎ + 2బి − 200. చీటీలో మూడు వరసలు, మూడు పదాలు. కోత కూడా వరసే.

కావలి ట్యూషన్:
ఇది బాగుంది. మరి బ్రాకెట్ సంగతి?

ఒంగోలు లెక్కలు:
ఉన్నదున్నట్టు చూస్తే రెండు: 4(ఎ + బి), −6. విప్పితే 4ఎ + 4బి − 6, మూడు. ప్రశ్నలో ఏకపదా, ద్విపదా, త్రిపదా అని అడిగితే మాత్రం విప్పి, సజాతి పదాలు కలిపాకే చెప్పాలి. 5ఎ + 2ఎ − 3 చూపుకు మూడు, కలిపితే 7ఎ − 3, ద్విపది. 4ఎబి − 4బిఎ + 9లో చివరికి 9 ఒక్కటే మిగులుద్ది. ఎబి, బిఎ ఒకటేనని పట్టుకోలేక త్రిపది అని రాస్తారు. ఎ²బి, ఎబి² మాత్రం కలవవు.

పొదలకూరు మాస్టారు:
బ్రాకెట్ ముందర మైనస్ ఉంటే ఇంకా జాగ్రత్త. 8 − (ఎ − 3) విప్పితే 8 − ఎ + 3, అంటే 11 − ఎ. లోపలి గుర్తు మార్చకపోతే 5 − ఎ వస్తుంది. అప్పుడూ పదాలు రెండే కాబట్టి తప్పు బయటపడదు. అందుకని సంఖ్యతో పాటు పదాలు కూడా రాయించండి, ఎ = 1 పెట్టించి చూడండి. విప్పకముందు 10 వస్తే విప్పాకా 10 రావాలి.