నిద్ర పట్టీపట్టని స్థితికి పేరు: ‘మాగన్ను’

నిద్ర పట్టీపట్టని వేళ కళ్ల ముందు కదిలే ఆకారాలు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినబడే గొంతులు కలిసిన స్థితిని తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు మగత, తంద్ర, సంధ్యావస్థ అన్న సూచనలు వచ్చాయి. నా దృష్టిలో ‘మాగన్ను’ వీటన్నిటికంటె తగిన మాట.

మగత జ్వరం వల్లనో మందు వల్లనో రోజంతా ఉండవచ్చు. అది నిద్రలోకి దారితీయాలన్న నియమం లేదు. తంద్రను ఆయుర్వేదం రోగలక్షణాల్లో చెబుతుంది. జోగడం, తూగడం ఎదుటివారి కంటికి కనబడే తల వాలడాన్ని తెలిపే మాటలే. కునుకు కొద్దిసేపే అయినా పట్టిన నిద్ర.

సంధ్యావస్థ దగ్గర కొంచెం ఆగాలి. బృహదారణ్యకోపనిషత్తు (4.3.9) ఇహపరలోకాల నడుమనున్న స్వప్నాన్నే ‘సంధ్యం తృతీయం స్వప్నస్థానమ్’ అన్నది, బ్రహ్మసూత్రాల్లో ‘సంధ్యే సృష్టిరాహ హి’ (3.2.1) అన్నచోటా సంధ్యమంటే స్వప్నమే. అంతగా స్థిరపడిన పేరును కలకు ముందరి స్థితికి మళ్లిస్తే చదివేవారికి చిక్కు తప్పదు.

ఆ ముందరి స్థితిని సూటిగా పట్టుకున్నది కాశ్మీర శైవులు ఆదరించే విజ్ఞానభైరవంలోని 75వ శ్లోకం: ‘అనాగతాయాం నిద్రాయాం ప్రణష్టే బాహ్యగోచరే, సావస్థా మనసా గమ్యా పరా దేవీ ప్రకాశతే’. నిద్ర ఇంకా రాకుండానే బయటి ప్రపంచం కనుమరుగైన ఆ అవస్థను మనసుతో అందుకోగలిగితే పరాదేవి ప్రకాశిస్తుందని భావం. ‘అనాగతాయాం’ అన్న ఒక్క పదంలో ఎంత జాగ్రత్త ఉన్నదో చూడండి: సగం నిద్ర అనలేదు, రాని నిద్ర అన్నారు. అర్ధనిద్ర అన్న మాట నాకు రుచించకపోవడానికి కారణం ఇదే. 1848లో ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ మోరీ ఈ వేళ కనబడేవాటికి గ్రీకు ధాతువులతో ‘హిప్నగాజిక్’ అన్న మాటను కూర్చినప్పుడు కూడా నిద్రకు తోడుకొనిపోయేదన్న అర్థాన్నే ఎంచుకున్నాడు.

పడుకొని చదువుతూ ఉండగా రెప్ప వాలిన తరువాత కూడా వాక్యం సాగిపోతూనే ఉంటుంది. ఉలిక్కిపడి కళ్లు తెరిచి వెతికితే ఆ వాక్యం పుటలో ఎక్కడా ఉండదు. ‘ఇప్పుడే మాగన్నుగా పట్టింది, ఇంతలో లేపారు’ అని మనవాళ్లు చెప్పేది సరిగ్గా ఆ క్షణం గురించే. కనుక ఆ వేళ కనబడేవాటిని ‘మాగన్ను దృశ్యాలు’ అనవచ్చు. మేలుకొనేటప్పటి అటువంటి స్థితికి మాత్రం ఈ మాట నప్పదు. దానికి, ‘ఇంకా వదల్లేదు’ అని మనం రోజూ అనుకునే ‘నిద్రమబ్బు’ ఉండనే ఉన్నది.