కూలి డబ్బు ఖాతాలో వేయించే ప్రాజెక్టు: ఉన్న ఒక్క అడ్మిన్ పోస్టు ఆఫీసులోనా, సైటు దగ్గరా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

హాజరుపట్టీ:
నార్సింగి, కోకాపేట వైపు మూడు నిర్మాణ సైట్లు, జీడిమెట్లలో ఐదు చిన్న యూనిట్లు, మొత్తం 400 మంది కాంట్రాక్టు కూలీలు అనుకుందాం. నగదు బదులు బ్యాంకు ఖాతాలో కూలి పడేలా చేయడం ప్రాజెక్టు పని. శిక్షణకు, పోస్టర్లకు, యాప్‌కు డబ్బుంది కానీ రాతకోతలు చూసే అడ్మిన్ అసిస్టెంటు పోస్టు మాత్రం ఒక్కటే. ఆ మనిషిని సోమాజిగూడ ఆఫీసులో కూర్చోబెట్టాలా, సైట్లలో తిప్పాలా? అసలు ఇది గుత్తేదారు చేసుకోవాల్సిన పని, ప్రాజెక్టు వేలు పెట్టకూడదు అనేవాళ్లూ ఉన్నారు.

నా మాట సైటు దగ్గరే అని. ఖాతాలో పడకుండా బ్యాంకు నుంచి వెనక్కి వచ్చిన ఎంట్రీని ఆఫీసులో కూర్చుని ఎవరూ సరిచేయలేరు. పాస్‌బుక్కు రేకుల షెడ్డులో ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది. దాన్ని కళ్లతో చూసి అంకెలు రాసుకునే మనిషి కావాలి.

బాలానగర్ లెడ్జర్:
నేను ఒప్పుకోను. కూలి ఇవ్వాల్సిన బాధ్యత చట్ట ప్రకారం గుత్తేదారుది, అతను ఎగ్గొడితే అసలు యజమానిది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం 50 మంది, ఆపైన కాంట్రాక్టు కార్మికులున్న గుత్తేదారు బ్యాంకు ద్వారానో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో కూలి చెల్లించి, ఆ వివరం అసలు యజమానికి తెలపాలి. చట్టం అతని మెడ మీద పెట్టిన పనికి ప్రాజెక్టు జీతమిచ్చి మనిషిని పెడితే, ప్రాజెక్టు పోయిన రోజే ఆ పనీ పోతుంది. మళ్లీ కవర్లలో నోట్లు.

ఇంకో సంగతి. చెల్లింపు ఫైలును ప్రాజెక్టు మనిషి తయారు చేశాడంటే, తప్పు ఖాతాకు డబ్బు వెళ్లిన రోజు గుత్తేదారు "మీవాడే చేశాడు" అంటాడు. బ్యాంకు పోర్టల్‌లో ఫైలు పెట్టేవాడు ఒకరు, ఆమోదించేవాడు ఇంకొకరు ఉంటారు. ఆ రెండు చోట్లా ప్రాజెక్టు మనిషి ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను అంగుళం కూడా జరగను.

నెఫ్ట్ రిటర్న్:
లెడ్జర్ గారు చెప్పిన రెండో సంగతికి నూటికి నూరుపాళ్లు సరే. కానీ మొదటిది కాగితం మీద మాట. గుత్తేదారు గుమాస్తా ఒక్కడే హాజరు, సిమెంటు లెక్క, పీఎఫ్ చలాను అన్నీ చూస్తుంటాడు. 15వ తేదీలోగా పీఎఫ్ కట్టాలి కాబట్టి అది చేస్తాడు. వెనక్కి వచ్చిన పదిహేను ఎంట్రీలు మాత్రం వచ్చే నెలకు తోస్తాడు. ఆ పదిహేను మందికీ నెలంతా కూలి లేనట్టే.

ఎందుకు వెనక్కి వస్తాయో చెబుతాను. పోస్టు ఎక్కడ ఉండాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ఒకటి, ఎక్సెల్. అది 15 అంకెల దాకే గుర్తుపెట్టుకుంటుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతా సంఖ్య 16 అంకెలు. మామూలు గడిలో కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎవరికీ తెలియదు. కొన్ని బ్యాంకుల ఖాతా సంఖ్యల ముందుండే సున్నాలూ మాయమవుతాయి. ఒక్క అంకె కొట్టకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చాలి. కొట్టాక మారిస్తే లాభం లేదు, పోయిన అంకె తిరిగి రాదు.

రెండు, ఐఎఫ్‌ఎస్‌సీ. బ్యాంకు శాఖను గుర్తించే ఈ కోడ్‌లో మొత్తం 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడ సున్నా బదులు ఇంగ్లీషు 'O' అక్షరం కొట్టేవాళ్లు చాలామంది. బ్యాంకుల విలీనాలు దీనికి తోడు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. పాలమూరు నుంచి వచ్చినవాళ్ల పాత పాస్‌బుక్కుల మీద ఇంకా ఆ పాత కోడే ఉంటుంది. గ్రామీణ బ్యాంకులు కూడా కలిసిపోయాయి. తెలంగాణలో 2025 జనవరి 1 నుంచి ఒకటే గ్రామీణ బ్యాంకు. బిహార్, ఒడిశాల్లో అదే సంవత్సరం మే 1 నుంచి. మన సైట్లలో ఆ రెండు రాష్ట్రాలవాళ్లు ఎంతమందో మీకు తెలుసు.

మూడు, ఖాతా బతికి ఉందా లేదా. రెండేళ్లు లావాదేవీ లేకపోతే నిద్రాణ ఖాతా. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ మొదలైనప్పుడు తెరిచినవాటికి పదేళ్లు నిండాయి కాబట్టి కేవైసీ, అంటే గుర్తింపు కాగితాలు, మళ్లీ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఖాతా ఆగిపోవచ్చు.

ఈ మూడింట్లో మొదటి రెండూ ఆఫీసులోనే పట్టుకోవచ్చు. మూడోదానికి మనిషి వెళ్లాలి. అందుకే నా లెక్కలో పోస్టు ఆఫీసుకే చెందాలి, నెలలో కొన్ని రోజులు సైటుకు వెళ్లాలి.

అడ్డామీద:
నాలుగోది మరిచారు, నెఫ్ట్ రిటర్న్ గారూ. కాగితాలు లేకుండా ఫోటో ఇచ్చి తెరిచే చిన్న ఖాతాకు పరిమితులున్నాయి. ఏడాది మొత్తంలో లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, ఎప్పుడూ 50,000కు మించి నిల్వ ఉండకూడదు, నెలకు 10,000కు మించి బయటికి తీయకూడదు. నెలకు 15,000 కూలి అనుకోండి. ఆరు నెలల్లో 90,000. ఏడో నెల కూలి వేయగానే గీత దాటుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. ఆరు నెలలు సాఫీగా పడిన మనిషికి ఏడో నెల ఎందుకు పడలేదో సైటులో ఎవరికీ అర్థం కాదు. ఆధార్ ఇచ్చి పూర్తి కేవైసీ చేయిస్తే ఈ గొడవ ఉండదు. కాబట్టి పేర్లు నమోదు చేసుకునే రోజే పాస్‌బుక్కు చూసి, ఏ రకం ఖాతానో బ్యాంకును అడిగి రాసుకోవాలి.

నేను సైటు పక్షమే. కారణం మాత్రం బ్యాంకు కాదు, ఖర్చీ, అంటే కూలిలోంచి వారం వారం ముందుగా చేతికిచ్చే డబ్బు.

రోజు కూలి 700, 26 రోజులకు 18,200. ఆదివారం ఆదివారం మేస్త్రీ ఖర్చీ కింద వెయ్యి చొప్పున నాలుగు వారాలకు 4,000 చేతికిచ్చాడు. ఖాతాలో 14,200 పడింది. నగదు రోజుల్లో మేస్త్రీ ఎదురుగా కూర్చోబెట్టి వేళ్ల మీద లెక్క చెప్పి మిగతాది ఇచ్చేవాడు, నచ్చకపోతే అక్కడే అరుచుకునేవాళ్లు. ఇప్పుడు ఫోనుకు ఒక మెసేజి వస్తుంది, అందులో 14,200 అని మాత్రమే ఉంటుంది. ఆ నాలుగు వేలు ఏ తేదీల్లో ఎంతెంత ఇచ్చారన్నది ఎక్కడా లేదు. నాలుగు ఇచ్చి ఐదు రాసుకున్నా అడిగే దారి లేదు. దీన్ని డిజిటల్ చెల్లింపు అని లెక్కలో చూపించుకోవడం నాకు మింగుడుపడదు.

ఇంకా దారుణమేమిటంటే, కొన్నిచోట్ల ఖాతాలో 18,200 మొత్తం వేసి, తర్వాత ఏటీఎం దగ్గరే కొంత వెనక్కి తీసుకుంటారు. కార్డు, పిన్ను మేస్త్రీ దగ్గరే ఉంటాయి. ఖాతాకు కట్టిన ఫోను నంబరు కూడా అతనిదే. కాగితం మీద అంతా సవ్యమే.

కాబట్టి అడ్మిన్ మనిషి చేతిలో ఉండాల్సిన మొదటి కాగితం బ్యాంకు ఫైలు కాదు, హాజరు పట్టీ. దాంట్లో ఖర్చీకి వారం వారం ఒక గడి, తేదీ, సొమ్ము, కూలీ సంతకమో వేలిముద్రో. నెలాఖరు కూలి చీటీ మీద ఆ నాలుగు గడులూ అలాగే రావాలి. కోతలన్నీ కలిపి కూలిలో సగం దాటకూడదని చట్టం. గడులు లేకపోతే అది దాటిందో లేదో ఎవరు చెప్పగలరు?

బాలానగర్ లెడ్జర్:
ఖర్చీ గడి మాట బాగుంది. దాన్ని గుత్తేదారుతో ఒప్పందంలోనే రాయించాలి. అప్పుడు గుమాస్తా నింపుతాడు, ప్రాజెక్టు మనిషి సరిచూస్తాడు. నింపేది ప్రాజెక్టు మనిషి కాదు.

ఒక సవరణ కూడా. సైట్లలో తిరిగేవాళ్లు "నగదు ఇస్తే నేరం" అని చెబుతున్నారు. అది తప్పు. వేతనాల కోడ్ 15వ సెక్షను ప్రకారం నాణేలు, నోట్లు, చెక్కు, ఖాతా జమ, ఎలక్ట్రానిక్ పద్ధతి అన్నీ చెల్లుతాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన సంస్థలు మాత్రమే చెక్కుతోనో ఖాతాలోనో ఇవ్వాలి. పైన నేను చెప్పిన 50 మంది నియమం కాంట్రాక్టు కార్మికులది, అది వేరు. జీడిమెట్లలో 20 మంది సొంత కూలీలున్న యూనిట్‌కు వెళ్లి చట్టం పేరుతో బెదిరిస్తే రెండోసారి గేటు తీయరు. దానికంటే ఆదాయపు పన్ను సంగతి చెప్పండి. ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును లెక్కలో ఒప్పుకోరు. యజమానికి అది వెంటనే ఎక్కుతుంది.

హాజరుపట్టీ:
లెడ్జర్ గారూ, నింపేది గుమాస్తా, సరిచూసేది ప్రాజెక్టు మనిషి అన్న గీత నాకు సమ్మతమే. అయితే సరిచూడడం సైటు దగ్గర కాకుండా ఎలా? సంతకం నిజంగా ఆ మనిషి పెట్టాడా అని సోమాజిగూడలో తెలుస్తుందా?

నెఫ్ట్ రిటర్న్ గారు చెప్పిన ఆఫీసు పని రోజుల్లో ఎంతో చూద్దాం. నెల 25న హాజరు ముగించి, చివరి రోజులు వచ్చే నెలలో కలపాలి. 27కి కొత్తగా చేరినవాళ్ల ఖాతాలకు ఒక్క రూపాయి వేసి చూడాలి. 30కి ఫైలు సరిచూడాలి. 4న గుత్తేదారు పోర్టల్‌లో పెట్టాలి. నెలవారీ కూలికి 7వ తేదీ గడువు కాబట్టి 4 దాటకూడదు. ఇందులో ఆఫీసు పని మూడు రోజులు. మిగతాదంతా బయటే.

నెఫ్ట్ రిటర్న్:
రూపాయి వేసి చూడడం మంచిదే, కానీ దానితో తృప్తి పడకండి. నెఫ్ట్ అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా సంఖ్యను బట్టే పడుతుంది, పేరును బట్టి కాదు. అంకె తప్పి వేరేవాళ్ల ఖాతా నంబరు అయితే ఆ రూపాయి హాయిగా పడుతుంది. పేరు చూపించే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో పెట్టమని రిజర్వు బ్యాంకు చెప్పింది. దాన్ని వాడండి. కానీ పేరు అక్షరం అక్షరం కలవదు. లక్ష్మి అన్న పేరు ఆధార్‌లో ఎక్స్‌తో, పాస్‌బుక్కులో కేఎస్‌హెచ్‌తో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరంగా వెనక. కంప్యూటరు దాన్ని తేడా అంటుంది. అది లక్ష్మి ఖాతానా, ఆమె భర్త ఖాతానా అన్నది ఆమెనే అడగాలి. సరే, ఈ ఒక్క కారణానికి నేను సైటు వైపు కొంత జరుగుతున్నాను.

4న ఉదయం ఫైలు పెడితే నెఫ్ట్ బ్యాచ్‌లు అరగంటకొకటి. బ్యాచ్ అయిన రెండు గంటల్లో డబ్బు పడాలి, లేదా వెనక్కి రావాలి. అంటే 4 సాయంత్రానికే రిటర్న్ జాబితా దొరుకుతుంది. 400 మందిలో 20 వచ్చాయనుకుంటే మనిషికి అరగంట చొప్పున పది గంటల పని. 5, 6 తేదీల్లో సైట్లు తిరిగి తేల్చి, 6 సాయంత్రం రెండో ఫైలు పెట్టించవచ్చు. ఆ రెండు రోజులు ఆ మనిషికి ఆఫీసులో మీటింగు పెట్టకండి, దయచేసి.

అడ్డామీద:
ఆ పాస్‌బుక్కుల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టించకండి. 400 మంది ఆధార్, ఖాతా నంబర్లు ముప్ఫై మంది ఫోన్లలో తిరుగుతాయి. చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ చాలు, ఖాతా నంబరు అక్కడే చూసి అక్కడే పట్టీలో రాసుకోవాలి.

ఇంకొకటి, కూలి ఏ రోజు పడుతుందో ముందే చెప్పాలి. హైదరాబాదు మెట్రో నగరం కింద లెక్క. మామూలు పొదుపు ఖాతా ఉన్నవాళ్లకు వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు మూడుసార్లే ఉచితం, నిల్వ చూసుకున్నా అందులో ఒకసారి పోయినట్టే. నాలుగు, ఐదు, ఆరు తేదీల్లో పడిందా పడిందా అని చూసుకుంటే, తీసుకునే రోజు 23 రూపాయల దాకా, పైన పన్ను కోసుకుంటారు. షెడ్డు గోడ మీద తేదీ రాస్తే ఆ డబ్బు మిగులుతుంది.

బాలానగర్ లెడ్జర్:
సరే, సైటు దగ్గర ఉండనివ్వండి. నా షరతు ఒకటే. ఆరు నెలల తర్వాత ఆ పని గుత్తేదారు గుమాస్తాకు అప్పగించాలని, నాలుగో నెల నుంచి ఇద్దరూ కలిసి చేయాలని మొదటి రోజే ఒప్పందంలో రాయాలి. లేకపోతే నా అభ్యంతరం అలాగే ఉంటుంది.

హాజరుపట్టీ:
రాద్దాం. మూడో నెల నుంచే కలిసి చేయిస్తే ఇంకా మంచిది. ఒక చిక్కు మిగిలింది. రెండో ఫైలులో కూడా 7 నాటికి పడనివాళ్లకు ఏం చేయాలి?

నెఫ్ట్ రిటర్న్:
7 సాయంత్రం నగదే ఇప్పించండి, రసీదు మీద సంతకం తీసుకుని. దానికోసం గుత్తేదారు కొంత నగదు విడిగా ఉంచాలి. ఇచ్చిన వెంటనే ఆ మనిషి వరుసలో "నగదు ఇచ్చాం, 7వ తేదీ" అని రాసి, బ్యాంకుకు వెళ్లే ఫైలులోంచి ఆ వరుస తీసేయాలి. గడి రంగు మార్చి వదిలేస్తే సరిపోదు. పోర్టల్‌కు రంగులు తెలియవు, 8న ఎవరో పాత ఫైలు మళ్లీ పెడతారు, ఆ కూలి రెండోసారి పడుతుంది. అప్పుడు వచ్చే నెల ఖర్చీలోంచి కోయడం మొదలుపెడతారు.