‘ప్రోగ్రెసివ్ రాక్’: తెలుగులో ఏమనాలి, ఎవరిని అనాలి?

ప్రశ్న:

పాశ్చాత్య సంగీతం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ప్రోగ్రెసివ్ రాక్’ అన్న మాటను ‘అభ్యుదయ రాక్’ అనవచ్చునా, ‘ప్రగతిశీల రాక్’ అంటే మేలా? పింక్ ఫ్లాయిడ్ అనే బృందం ఈ కోవకు చెందుతుందని మూలంలో ఒకచోట, చెందదని మరొకచోట ఉంది. మాట సంగతి తేలితే ఆ చిక్కు కూడా విడిపోతుందేమోనని అడుగుతున్నాను.

జవాబు:

‘అభ్యుదయ’ వద్దండీ. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటి నుంచి ఆ మాట మన సాహిత్యంలో శ్రామికుల పక్షాన నిలిచే రచనకు పేరుగా స్థిరపడిపోయింది. ‘అభ్యుదయ రాక్’ అని శీర్షిక పెడితే పాఠకులు ఉద్యమగీతాల కోసం వెతుకుతారు. తీరా లోపల కనిపించేది 23 నిమిషాల పాట, మధ్యలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు ఛాయలు, అట్ట మీద గాలిలో తేలే కొండలు. ‘ప్రగతిశీల’ కూడా ఇంచుమించు ఆ దారిలోనిదే.

అసలు చిక్కు అనువాదంలో లేదని నా అభిప్రాయం. మన పెద్దలు పదాలను రూఢాలు, యౌగికాలు, యోగరూఢాలు అని విభజించారు. ‘పంకజం’ అంటే బురదలో పుట్టినది; అయినా బురదలో పుట్టిన నత్తను ఎవరూ పంకజం అనరు, తామరను మాత్రమే అంటారు. ‘ప్రోగ్రెసివ్ రాక్’ అచ్చంగా ఇలాంటి యోగరూఢం. 1960ల చివరలో ఇంగ్లండులో ఆ విశేషణానికి ‘ముందుకు సాగేది’ అన్న యోగార్థమే (మాటను విడగొడితే వచ్చే అర్థమే) ఉండేది: మూడు నిమిషాల ప్రేమపాటను దాటి జాజ్ నుంచీ శాస్త్రీయ సంగీతం నుంచీ తెచ్చుకునే రాక్ అని. 1969లో కింగ్ క్రిమ్సన్ బృందం తొలి ఆల్బమ్ వచ్చింది. మెట్టు నొక్కితే దాని కింద ఉన్న టేపు తిరిగి, ఎనిమిది సెకన్ల పాటు వయొలినో వేణువో పలికే మెల్లోట్రాన్ అనే వాద్యం అందులో ప్రధానంగా వినిపిస్తుంది. 1972 నాటికి యెస్ (Yes) బృందం 18 నిమిషాలకు పైబడిన ఒక్క పాటతో రికార్డు ఒక వైపంతా నింపింది. అదే ఏడాది జెనెసిస్ 23 నిమిషాల పాట చేసింది. అప్పటికి ఆ విశేషణం కాస్తా ఈ తరహా సంగీతానికి పేరైపోయింది.

రూఢ్యర్థానికీ (వాడుకలో స్థిరపడిన అర్థానికీ) యోగార్థానికీ ఎంత దూరం పెరిగిందో 1980ల ఆరంభంలో చూడవచ్చు. 1974లో బృందాన్ని రద్దు చేసిన గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్, 1981లో కింగ్ క్రిమ్సన్‌ను మళ్ళీ నిలబెట్టినప్పుడు మెల్లోట్రాన్‌ను వదిలేసి, ఇండోనేషియా గామెలాన్ వాద్యబృందాన్ని తలపించేలా రెండు గిటార్లు ఒకదానిలోకి ఒకటి అల్లుకునే కొత్త పద్ధతిని ఎత్తుకున్నాడు. 1983లో తొలి ఆల్బమ్ తెచ్చిన మారిలియన్ మాత్రం పదేళ్ళ కిందటి జెనెసిస్ బాణీని శ్రద్ధగా తిరిగి కట్టింది. గాయకుడు ముఖానికి రంగులు పూసుకోవడం కూడా పాత జెనెసిస్‌నే గుర్తుచేస్తుంది. ముందుకు సాగినది కింగ్ క్రిమ్సన్, పేరుకు తగినట్టు ఉన్నది మారిలియన్. ఇద్దరూ ప్రోగ్రెసివేనని వాదించవచ్చు గాని, ఇద్దరికీ ఒకే అర్థంలో మాత్రం కాదు.

అభ్యంతరం:

పెద్దలు చెప్పినది బాగానే ఉంది గాని, ఇంత మీమాంస ఎందుకు? పాట పది నిమిషాలు దాటాలి, తాళం నాలుగు కాకూడదు అని లక్షణం చెప్పుకుంటే సరిపోదా? ద్విపదను గుర్తించడానికి మనకు గణాలూ యతిప్రాసలూ చాలడం లేదా?

జవాబు:

ద్విపదకు చాలుతాయి గాని దీనికి చాలవండీ. ద్విపద ఛందస్సు పేరు, ఇది ధోరణి పేరు. ‘భావకవిత్వం’తో పోల్చి చూడండి: భావం ఉన్న ప్రతి కవితా భావకవిత్వం కాదు, భావకవుల ప్రతి రచనా భావకవిత్వం కాదు.

మీ లక్షణాన్నే పరీక్షిద్దాం. పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన ‘మనీ’ పాట మొదట్లో చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె చప్పుడు వరసగా వినిపిస్తాయి. వేళ్ళ మీద లెక్కపెట్టండి, ఏడు వస్తాయి. తకిట తకధిమి అనుకుంటూ మిశ్రచాపులో కూర్చుని వినవచ్చు. విరుపులు అవే అని కాదు గాని, ఆవృత్తం ఏడే. అయితే గిటారు ముందుకు వచ్చిన చోట తాళం నాలుగుకు మారిపోతుంది. మీ సూత్రం ప్రకారం ఒకే పాటలో కొంత చెందుతుంది, కొంత చెందదు. నిడివి కూడా పది నిమిషాలకు చాలా తక్కువే.

జెత్రో టల్ బృందం కథ ఇంకా తమాషా. 1971 నాటి తమ ఆల్బమ్‌ను విమర్శకులు ఏకవస్తు కావ్యం అంటుంటే, కాదు మొర్రో అన్న బృంద నాయకుడు ఇయాన్ ఆండర్సన్, మరుసటి ఏడాది ఆ తరహా ఆల్బమ్‌లకు పేరడీగా రెండు వైపులా ఒకటే పాటతో రికార్డు చేశాడు. ఆ వెక్కిరింతనే ఇవాళ అందరూ ఈ ధోరణికి మంచి ఉదాహరణగా చూపిస్తున్నారు. (1989లో అదే బృందానికి హార్డ్ రాక్, మెటల్ విభాగంలో గ్రామీ ఇచ్చారు, పేరులోనే మెటల్ ఉన్న మెటాలికా బృందాన్ని కాదని! పెద్ద సంస్థలకూ ఈ పేర్ల తంటా తప్పలేదన్నమాట.)

కాబట్టి బృందాన్ని పట్టుకుని అవునా కాదా అనడం కంటే రికార్డును పట్టుకుని అడగడం మంచిది. 1972 నాటి జెనెసిస్ నిస్సందేహంగా ప్రోగ్రెసివ్ రాక్. 1986లో రేడియోలను ఏలిన జెనెసిస్ ఏ అర్థంలోనూ కాదు. పింక్ ఫ్లాయిడ్‌లో వేళ్ళ వేగం చూపించే ఆర్భాటం లేదన్నది నిజమే, అందుకే కొందరు పక్కన పెడతారు. 1971 ఆల్బమ్‌లో ఒక వైపంతా నిండిన ‘ఎకోస్’ విన్న తరువాత నేను మాత్రం చేర్చుకుంటాను.

రాతలో నేను పాటించేది ఇది: ధోరణి పేరుగా వచ్చిన చోట ‘ప్రోగ్రెసివ్ రాక్’ అని తెలుగు లిపిలో అలాగే ఉంచుతాను, గుణం చెప్పే విశేషణంగా వచ్చిన చోట ‘ప్రయోగశీల’ అంటాను.

ప్రశ్న అడిగినవారు:

మూలాన్ని మళ్ళీ తీసి చూశాను. చెందుతుందన్న వాక్యం 1971 ఆల్బమ్ గురించినది. చెందదన్నది 1979 ఆల్బమ్‌లో డిస్కో లయతో సాగి పెద్ద హిట్టయిన చిన్న పాట గురించినది. మొదటిదాన్ని ‘ప్రోగ్రెసివ్ రాక్ రచన’ అనీ, రెండోదాన్ని ‘ప్రోగ్రెసివ్ రాక్ బృందం చేసిన పాప్ పాట’ అనీ దిద్దాను. శీర్షికలోని ‘అభ్యుదయ’ను కొట్టివేశాను.