ఫాంట్లు ప్రింటర్‌లో ఉండటమే నయమా?

పాతఫ్లాపీ: ఫాంట్లు ప్రింటర్‌లోనే ఉండే డాస్ (విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన సిస్టమ్) రోజుల్లో ఏ గొడవా లేదని ఈమధ్య చాలామంది అంటున్నారు. నేనొప్పుకోను. 1992లో మా ల్యాబ్‌లో ప్రాజెక్ట్ రిపోర్టు కొట్టాను. అక్కడి లేజర్ ప్రింటర్‌కి టైమ్స్ ఫాంటున్న కార్ట్రిడ్జ్ (ఇంకుది కాదు, ఫాంట్లుండే చిన్న డబ్బా) ఉండేది, 60 పేజీలొచ్చింది. ఫైనల్ ప్రింటుకి ఫ్లాపీ పట్టుకుని బయట షాపుకెళ్తే వాళ్ల దగ్గర కొరియర్ అనే ఫాంటు ఒక్కటే ఉంది. ఫైలు తెరవగానే లైన్లన్నీ ఆ ప్రింటర్ కొలతలకి మారిపోయి 78 పేజీలైంది. విషయసూచికలో నంబర్లన్నీ తప్పే. మర్నాడే సబ్మిషన్, రాత్రంతా టెన్షన్. తెర మీద మాత్రం రెండుచోట్లా అవే 80 కాలమ్‌లు, అవే అక్షరాలు!

సర్క్యూట్‌బోర్డ్: మీ బాధ నిజమే, కానీ తప్పు పద్ధతిది కాదండీ. అప్పట్లో మెమరీ ఖరీదు. లెటర్ సైజు కాగితం, అంగుళానికి 300 చుక్కలు: పేజీకి 2550 × 3300 చుక్కలు. ఎనిమిది చుక్కలకి ఒక బైటు చొప్పున దాదాపు 10.5 లక్షల బైట్లు. 1984 నాటి హెచ్‌పీ లేజర్‌జెట్‌లో ఉన్నది 128 కిలోబైట్లే. 9600 బాడ్ (సెకనుకి సుమారు 960 బైట్లు) సీరియల్ కేబుల్ మీద పేజీని బొమ్మగా పంపితే 18 నిమిషాలు పడుతుంది. అక్షరాల ఆకారాలు ప్రింటర్ చిప్‌లో ఉంటే పీసీ అక్షరానికి ఒక బైటు పంపితే సరిపోతుంది.

పాతఫ్లాపీ: మరి 1984లోనే మ్యాకింటాష్ ఫాంట్లని కంప్యూటర్‌లో పెట్టుకుందిగా?

సర్క్యూట్‌బోర్డ్: పెట్టుకుంది, కష్టాలూ పడింది. తెర అంగుళానికి 72 చుక్కలు, దాని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇమేజ్‌రైటర్ 144. 12 పాయింట్ల అక్షరం నునుపుగా రావాలంటే 24 పాయింట్ల ఫాంటు కూడా సిస్టమ్‌లో ఉండాలి, దాన్నే సగానికి కుదించి అచ్చేసేది. లేకపోతే చిన్న చుక్కలనే పెద్దవి చేసి మెట్లు మెట్లుగా కొట్టేది. 1985లో యాపిల్ లేజర్ ప్రింటర్ లేజర్‌రైటర్ 1.5 మెగాబైట్ల మెమరీతో, పోస్ట్‌స్క్రిప్ట్‌తో (పేజీని ప్రింటర్‌కి వర్ణించి చెప్పే భాష) వచ్చింది. ధర 6,995 డాలర్లు, లేజర్‌జెట్‌కి రెట్టింపు. అందులోనూ మామూలుగా వాడే టైమ్స్, హెల్వెటికా ప్రింటర్ లోపలే ఉండేవి. తెర మీద జెనీవా ఫాంటు పెడితే హెల్వెటికాగా మార్చేది, కానీ ఖాళీలు జెనీవావే ఉంచేది. మాటల మధ్య సందులు చూస్తే తెలిసిపోయేది.

పాతఫ్లాపీ: డబ్బు, మెమరీ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ రాసేవాడికి తన పేజీ ఎలా వస్తుందో ముందే తెలియాలి. ఆ మాట వదులుకోను.

డీటీపీపని: మీరిద్దరూ ఇంగ్లిష్ గురించే మాట్లాడుతున్నారు అన్నా. అప్పట్లో మన షాపులకొచ్చిన కార్ట్రిడ్జ్‌లలో తెలుగెక్కడుండేది? "లక్ష్మి" అని కొట్టాలంటే క కింద ష ఒత్తు, దాని కింద మ ఒత్తు, పైన గుడి. మాకు ఊపిరొచ్చింది 1992లో విండోస్ 3.1తో ట్రూటైప్ అనే ఫాంటు పద్ధతి వచ్చాకే. ఒకే ఫాంటు ఫైలు తెరకీ, కాగితానికీ. కానీ ఆ తెలుగు ముక్కలన్నీ ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో ఇరికించినవి. పక్క షాపులో అదే ఫాంటు లేకపోతే పెళ్లిపత్రిక మొత్తం ఇంగ్లిష్ గజిబిజి. అందుకే ఫైలు తెచ్చే ప్రతి కస్టమర్‌నీ ఫాంటు కూడా ఇంకో ఫ్లాపీలో తెచ్చుకోమనేవాణ్ణి.